తడి బొటనేలు

నాచారంల మా పై పోర్షన్‌ల కిరాయికుండే అక్కకు ఒకటే పిచ్చి. ఆఫ్రికా అడవిల ఒక సింహాల గుంపు ఎనుక తిరిగి తీసే వీడియోలు ఫోన్‌ల చూసేది. కూనలు కండ్లు తెరిచిన కాడికెల్లి జూలు మొలిచేదాంక ఒక్క వీడియో ఇడువలే. నేను కంపెనీకి పోతే నా బిడ్డ ఆమె ఒళ్లె కూసొని చూసేది. చూసుకుంటనే అక్క బొటనేలు నాలికకు తడి చేసుకొని, పిల్ల నొసటి మీద పడ్డ ఎంటికలు ఎనుకకు దువ్వేది, అచ్చం సివంగి తన కూనను నాకినట్టు.

నాకు కడుపుల మండేది. ఒకనాడు డ్యూటీ దిగొచ్చి పిలిస్తే నా బిడ్డ తలెత్తలే.

"ఆగు మమ్మీ, చెవి తెగిన కూన ఇంకా దొరకలే."

అక్క నవ్వింది. "సివంగులు ఒకదాని పిల్లలకు ఒకటి పాలిస్తయి చెల్లె. ఫికర్ జెయ్యకు."

"గదంత అడవిల అక్కా" అని పిల్లను గుంజుకొని మెట్లు దిగిన.

అక్కోళ్లు నారపల్లిల ఇల్లు కట్టుకొని పోయిన్రు. పీడ పోయిందనుకున్న.

మొన్న నాకు జ్వరమొస్తే నా బిడ్డ పక్కన కూసున్నది. బొటనేలు తడి చేసుకొని నా నొసటి ఎంటికలు ఎనుకకు దువ్వింది. పాణానికి మస్తు హాయిగున్నది. అయినా ఆ జ్వరంల గూడ నాకు కడుపుల మండింది.