కొండపల్లి అడవిలో తుడిచేసిన సున్నం గీత

బోటనీ మేడం కొండపల్లి అడవికి వెళ్లి, పుట్టగొడుగును ఒక్క చూపు చూసి, ఏ చెట్టు లోపల కుళ్లిందో చెప్పేశారని మా కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మేడంని నేనే. ఆ కథ తప్పు.

తొంభైల చివర్లో, అటవీ శాఖవాళ్లు రమ్మంటే, వానలు కాస్త తెరిపిచ్చిన ఒక ఆదివారం ఉదయం ఏడుంపావుకు గవర్నర్‌పేటలో బస్సెక్కాను. సంచిలో భూతద్దం, చాకు, పాత పేపర్లు, పెరుగన్నం డబ్బా. ఎనిమిది దాటాక కొండపల్లిలో దిగితే అటవీ గార్డు ఎదురొచ్చాడు. బొమ్మలకు వాడే తెల్లపొణికి చెట్లకు తెగులు సోకిందట. నేను సున్నం గీత పెట్టిన చెట్లను మర్నాడు కొట్టేస్తారు. పనికొచ్చే కర్ర ఉంటే బొమ్మలవాళ్లకిస్తారు. దారి చూపడానికి నాగరత్నమ్మగారు చిన్న గొడ్డలి పట్టుకుని వచ్చారు. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా పొణికి బొమ్మలు చెక్కుతున్న చెయ్యి.

గంట నడిచాక ఒక పెద్ద చెట్టు. ఛాతీ ఎత్తున, బెరడుకు పిడకలా అతుక్కుని గట్టి పుట్టగొడుగు. అది బయటికొచ్చిందంటే లోపల చేవ కుళ్లినట్టేనని పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నాను. గీత పెట్టేశాను.

"ఆగండి మేడంగారూ," అని ఆవిడ గొడ్డలి వెనక వైపుతో కాండాన్ని తట్టారు. ఖంగుమంది. "ఇది గట్టిదండి. ఆ పుట్టగొడుగు తినేది విరిగిన కొమ్మ మోడునే."

"పుస్తకంలో అలా లేదండీ."

"పుస్తకాన్ని తట్టి చూశారా?"

గార్డు నవ్వాడు. ఒళ్లు మండి చాకుతో గీరాను. నిజమే, కుళ్లు ఆ మోడు దగ్గరే ఆగింది. చుట్టూ చెక్క తెల్లగా, పచ్చిగా ఉంది.

పది అడుగుల అవతల, కాండం మీద ఏ మచ్చా లేని చెట్టును ఆవిడ తట్టారు. ఖాళీ డబ్బా మోత. చెట్టు మొదట్లో రాలిన ఆకులు తోసి చూస్తే వేళ్ల మీద, వార్నిష్ పూసినట్టు మెరిసే ఎర్రటి పుట్టగొడుగు. దాని పేరు నాకు తెలుసు. ఎక్కడ వెతకాలో తెలియలేదు, అంతే.

"ఆ పెద్ద చెట్టు కొట్టేస్తే కర్ర మీకే వచ్చేదిగా. ఎందుకు ఆపారు?"

"ఒక్క ఏడాదికి బొమ్మలొస్తాయండి. ఈ చుట్టుపట్ల గింజలు రాల్చేది ఇదొక్కటే. మా మనవలు దేంతో చెక్కాలి?"

సున్నం గీతను తడి ఆకులతో నేనే తుడిచాను.

మూడున్నర బస్సులో పక్క సీట్లో ఉన్న బీబీగారొకరు, నేను పాత పేపర్లో చుట్టి తెచ్చిన పుట్టగొడుగుల పొట్లంలోకి తొంగిచూశారు. "కూరకా అమ్మా?"

"పళ్లు ఊడినా ఫర్వాలేదనుకుంటే వండుకోండి," అన్నాను. ఆవిడ నవ్వి, సంచి పెట్టుకోవడానికి చోటిచ్చారు. ఆ రోజు కలిసినవాళ్లంతా నాకేదో ఒకటి ఇచ్చినవాళ్లే.

ఇప్పుడు అడవికెళ్లే పిల్లలెవరైనా పుట్టగొడుగు కోసం తలెత్తే ముందు చెట్టు తట్టాలి, మొదలు చూడాలి. అది నాగరత్నమ్మగారి పాఠమని పేరుతో సహా చెబుతాను. ఆవిణ్ణి అడగాల్సింది మాత్రం ఆ రోజు బస్సు గొల్లపూడి దాటాక తోచింది. వేళ్ల మీద ఆ ఎరుపు మొలవకముందే చెట్టు మోత మారుతుందా? మారితే, ఎన్ని వానాకాలాల ముందు ఆవిడ చెవికి తెలుస్తుంది?