ఊబి గుంజదు

ఊబి మనిషిని కిందికి గుంజుతుందని మా ఆడబిడ్డ నమ్మకం. నాకన్నా పెద్దది కాబట్టి వదినె అంటాను, గౌరవం అక్కడితో సరి. ఇస్నాపూర్‌లో మా రెండిళ్లకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడ మీది నుంచి మేము వాదించుకోని విషయం లేదు.

పోయిన వానాకాలం చివర ఆమెకు ప్లాటు పిచ్చి పట్టింది. చిట్కుల్ వైపు ఏదో కొత్త వెంచర్ వేశారట, చూడటానికి నన్నూ రమ్మంది. నా సలహా కోసం కాదు, నా స్కూటీ కోసం.

దిగీ దిగగానే నాకు అనుమానం మొదలైంది. ఎర్ర మొరం నిన్నో మొన్నో పరిచినట్టుంది. ఒక మూలన మాత్రం నీటిపట్టున మొలిచే జమ్ము ఏపుగా పెరిగింది. బర్రెలు నడిచిన దారి ఆ మూల దాకా తిన్నగా వచ్చి, అక్కడ వంకర తిరిగి, మళ్లీ తిన్నగా పోయింది. ప్లాట్లు చూపించడానికి వచ్చిన బ్రోకరు కూడా బర్రెల దారినే నడిచాడు.

"ఈ మూలకు ఇంతకుముందు ఏముండె తమ్మీ?" అని అడిగాను.

"ఏముంటది మేడం, భూమే."

"భూమి కింద?"

"భూమి కింద గూడ భూమే."

ఇంతలో వదినె చెప్పులు విడిచింది. మా అత్తగారింట్లో భూమి చూడటమంటే కాగితాలు చూడటం కాదు. చెప్పులు విడిచి, నేలకు దండం పెట్టి, మడమతో గట్టిగా తన్ని చూస్తారు. గట్టి నేలయితే దెబ్బ మోకాలికి తెలుస్తుంది. మెట్ట చెలకలు కొన్న కాలంలో పనికొచ్చిన పరీక్ష అది.

"వదినె, అటు పోకు. బర్రెలు గూడ పోతలేవు."

"బర్రెలు గూడ నీ లెక్కనే, అన్నిటికి అనుమానం."

వెళ్లింది, దండం పెట్టింది, తన్నింది. మొదటి దెబ్బకు నేల దుప్పటిలా ఊగింది. రెండో దెబ్బకు మోకాళ్ల దాకా దిగబడింది. పైకి రావాలని తన్నుకున్న కొద్దీ తొడల దాకా పోయింది.

"గుంజుతున్నదే పిల్లా. కిందికెల్లి గుంజుతున్నది."

పక్క ప్లాటు చదును చేస్తున్న జేసీబీ డ్రైవరు తాడు పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. బిహార్ మనిషి, తెలుగు సగమే. "కమర్‌కు కట్టు అమ్మా. మిషిన్ తోని ఏక్‌దమ్ బాహర్." బ్రోకరు అప్పటికే నడుముకు తగిలించే ముడి వేస్తున్నాడు.

నేను డిగ్రీలో చదివింది ఫిజిక్సు. ఊబిలో ఇసుక రేణువులు వదులుగా, నీళ్ల ఆసరాతో నిలబడి ఉంటాయి. కింది ఊట వాటిని ఎత్తి పడుతుంది. తన్నితే ఆ పేర్పు కూలి గంజిలా పారుతుంది. ఆ తర్వాత రేణువులు అడుక్కి దిగి కాలి చుట్టూ బిగుసుకుంటాయి. కాలు పైకి రావాలంటే పాదం కింది చోటులోకి నీళ్లు చేరాలి, చేరనంతసేపూ కాలు ఊడదు. అంతే తప్ప గుంజడానికి కింద ఎవరూ లేరు. పైగా ఆ చిక్కటి మడ్డి కంటే మన ఒళ్లే తేలిక, నడుము దాటి మునగడం కష్టం. ఇదంతా పుస్తకం మాట. పుస్తకం మీద కూడా నాకు అనుమానం లేకపోలేదు, రాసినవాడు చిట్కుల్ చూసి ఉండడు కదా.

అయినా వెళ్లి తాడు మీద నిలబడ్డాను.

"మిషిన్ తోని గుంజితే తుంటి ఊడి వస్తది. బంద్ చెయ్."

"మునిగిపోతది మేడం."

"ఎట్ల మునుగుతది? భూమి కింద గూడ భూమే అంటివి గద."

వదినె వైపు తిరిగాను. "తన్లాడకు. మంచం మీద పండుకున్నట్టు ఎనకకు ఒరుగు."

"చీర కరాబైతది."

"ఇగ కరాబు గానికి ఏం మిగిలింది?"

ఆమె నన్నొక చూపు చూసింది. గోడ మీది నుంచి నాకు బాగా అలవాటైన చూపే, దీని మాట నమ్మితే ఏమైపోతానో అని. నమ్మి కాదు, వేరే దారి లేక ఒరిగింది. మునగలేదు. తేలింది. కాంక్రీటు పనికని పక్కన పేర్చిన సెంట్రింగ్ చెక్కలు పరిపించి, వాటి మీద బోర్లా పడుకుని ఆమె చంకల కింద పట్టుకున్నాను. లాగలేదు.

"ఒక్క కాలే కదుపు. ఇసుర్రాయి తిప్పినట్టు, జెర జెర."

గుడగుడమంటూ నీళ్లు కాలి పక్క నుంచి దిగాయి. చాలాసేపటికి ఒక కాలు వచ్చింది. అంతకంటే చాలాసేపటికి రెండోది.

గట్టు మీద కూర్చున్నాక ఆమె అన్న మొదటి మాట: "నన్ను గింతసేపు బురదల పండవెట్టి సంబురపడ్డవు గద."

వెనక్కి చూస్తే గుంత లేదు. నేల నున్నగా మూసుకుపోయింది, ఏమీ ఎరగనట్టు. అప్పుడు నోరు విప్పాడు బ్రోకరు. మొరం తవ్విన పాత గుంతట, రాయి నలగ్గొట్టి చేసే రోబో ఇసుక కడిగిన మడ్డి పోసి నింపారట. "ఎండకాలంల గట్టిపడ్తది మేడం."

వదినె కదలనంది. డ్రైవరు చేత తుమ్మకంప కొట్టించి ఆ చోట అడ్డం వేయించింది.

"కంప ఎందుకు మేడం, చూడనీకి వచ్చేటోళ్లు బెదురుతరు."

"బెదరనియ్. నా లెక్క తన్ని చూసేటోళ్లు ఇంక ఉన్నరు."

ఆ వారంలోనే అటు వెళ్లి చూశాను. కంప లేదు. పైన కొత్త మొరం పరిచి ఉంది. ఇంటికొచ్చి గోడ మీది నుంచి చెబితే వదినె పొయ్యి బంద్ చేసి, కొడవలి పట్టుకొని వచ్చింది.

"స్కూటీ తియ్."

ఈసారి కంప ఇద్దరం కలిసి కొట్టాం. ఎక్కడ వేయాలన్న దాని మీద కూడా వాదించుకున్నాం. కానీ చెప్పులు మాత్రం ఆమె విడవలేదు.