లేకుంటే ఉపేందర్

ఎవరేం చెప్పినా ఉపేందర్ నోటి నుంచి మొదట ఊడిపడే మాట ఒక్కటే. "లేకుంటే?"

రైలు ఎనిమిదింటికి వస్తుందంటే "రాకుంటే?" అంటాడు. చాయ్ వేడిగా ఉందంటే "లేకుంటే?" అంటాడు. దవాఖానలో డాక్టరు ఈ గోలీలతో జ్వరం తగ్గిపోతుందంటే కూడా "తగ్గకుంటే?" అన్నాడు. "తగ్గకుంటే మళ్ళ రా, సూదేస్త" అన్నాడు డాక్టరు. ఆ ఒక్క డాక్టరంటేనే ఉపేందర్‌కు ఇప్పటికీ గౌరవం. జవాబు ముందే తయారుగా పెట్టుకున్న మనిషి జనగామ మొత్తంలో ఆయనొక్కడేనని చెబుతుంటాడు.

ఈ రోగానికి మూలం ఉద్యోగంలో ఉందని శారద చాలాకాలం నమ్మింది. ఉపేందర్ సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు కంప్యూటర్ సెంటర్లో ప్రోగ్రామర్. ఆ రోజుల్లో ప్రోగ్రామర్ అంటే రేడియోలో ప్రోగ్రాములు వేసేవాడనుకుని, జనగామ జనం ఆయన్ను పట్టుకుని పాత పాటలు వేయించమని అడిగేవారు. శారదది కూడా జనగామే. అదే సెంటర్లో వివరాలు టైపు చేసి మిషన్‌లోకి ఎక్కించే పని. ఇద్దరూ పొద్దున ఒకే రైలెక్కి సాయంత్రం ఒకే రైలు దిగుతారు. అంటే ఆ "లేకుంటే"లలో పెద్ద వాటా ఆమె నెత్తినే పడేది.

"అన్నా, జర సప్పుడు చేయకుండ కూసుంటవా? నీ లేకుంటేలతోటి నా తలకాయ పలుగుతున్నది!" అని ఆమె రోజూ మండిపడేది.

"మిషన్‌కు బుద్ధి ఉండదు శారదా. గిది ఉంటే గిట్ల చెయ్, లేకుంటే గట్ల చెయ్ అని మనమే చెప్పాలె. చెప్పకుంటే ఆగమైతది."

"నేను మిషన్ని కాదు!"

"కాకుంటే?" అనబోయి, ఆమె మొహం చూసి కిటికీలోకి తిరిగేవాడు.

తీరా ఆయన భార్య లీలావతిని అడిగితే తెలిసింది, ఈ రోగం మిషన్ కన్నా పాతదని. అరవైతొమ్మిది ఉద్యమంలో ఉపేందర్ పదో తరగతి. జనగామలో పెద్ద సభ. నాయకుడు గొంతు చించుకుని తెలంగాణ ఇచ్చి తీరాలంటున్నాడు, జనం ఊగిపోతున్నారు. ముందు వరసలోంచి ఈ పిల్లగాడు లేచి "ఇయ్యకుంటే?" అన్నాడు. పోలీసులు రాకముందే మనవాళ్లే వీపు సాపు చేశారు. "దెబ్బలైతె కొట్టిన్రు గని జవాబు ఇయ్యలే" అని ఉపేందర్ ఇన్నేళ్ల తర్వాత కూడా కోపంగానే చెబుతాడు. పెళ్లిలో పంతులు ముహూర్తం దాటకుండా తాళి కట్టాలంటే "దాటితే?" అన్నాడట. పీటల మీద తలొంచుకున్న లీలావతికి నవ్వాగక పొరబోయింది.

రైల్లో ఆయనకు సరైన జోడీ కమలాబాయి. బచ్చన్నపేట దగ్గరి తండా ఆమెది. చలికాలం రేగుపండ్ల గంప ఎత్తుకుని అదే రైల్లో పట్నం వచ్చేది.

"తియ్యగుంటయి సారూ, తీసుకో."

"లేకుంటే?"

"లేకుంటే ఉప్పద్దుకో."

"చూసినవా శారదా! గిదీ జవాబంటె!" అని ఉపేందర్ సంబరపడిపోయేవాడు.

కమలాబాయి కూతురు సక్రి ఆ ఏడు పదో తరగతి పరీక్ష రాయాలి. పిల్ల తండ్రి పూనా దిక్కు రోడ్డు పనికి పోయాడు. పరీక్ష రాస్తే సరే, ఈసారి తప్పిందంటే పిల్లను కూడా పనికి తోలుకుపోతానని చెప్పి పోయాడు. అందుకే కమలాబాయి రైల్లో కనిపించినప్పుడల్లా అడిగేది, "హాల్‌టికెట్లు మీ మిషనే ఇస్తదట గద సారూ, మా సక్రిది వచ్చిందా?" అని.

నిజమే. ఆ ఏడు హాల్‌టికెట్లు అచ్చువేసే పని ఆ సెంటర్‌కే వచ్చింది. ప్రోగ్రాం రాసే ముందే ఉపేందర్ మేనేజర్‌ను అడిగాడు, "సార్, తండ్రి పేరు గడి ఖాళీగ ఉంటే? పేరు లేకుంటే?"

మేనేజర్‌కు ఉపేందర్ మాటన్నా, యాసన్నా వెటకారమే. "తండ్రి పేరు లేని పిల్లలుంటారటయ్యా? పక్కన పడేయమను మిషన్ని. అయినా ఆ గిట్ల గట్ల మాని కాస్త తెలుగులో ఏడవ్వయ్యా!"

"మిషన్‌కు ఇంగ్లీషుల చెప్తున్న, మీకు తెలుగుల చెప్తున్న. ఇద్దరిల మిషనే నయం సార్" అన్నాడు ఉపేందర్. అందరూ నవ్వారు. కానీ మేనేజర్ మాటే నెగ్గింది.

ఫిబ్రవరిలో మిషన్ హాల్‌టికెట్లు కక్కడం మొదలుపెట్టింది. పక్కన పడేసినవి ఒక కుప్పయ్యాయి. ఆ కుప్పలో శారదకు సక్రి పేరు కనిపించింది. తండ్రి పేరు గడి ఖాళీ. బడిలో చేర్పించినవారు: తల్లి, కమలాబాయి.

మర్నాడు రైల్లో శారద ఆమెను నిలదీసింది. "అవ్వా, బిడ్డను బడిల ఏసిన్నాడు నీ పెనిమిటి పేరు ఎందుకు చెప్పలే?"

కమలాబాయి ముసుగు ముక్కు దాకా లాక్కుని సిగ్గుపడింది. "ఆయన పేరు నేనెట్ల చెప్త బిడ్డా? తప్పు గాదా! పంతులు మూడు మాట్ల అడిగిండు. నేను చెప్పలే."

"ఇప్పుడన్న చెప్పు!"

"తులసి చెట్టు లేదా? దాని ఎనక రాముణ్ణి పెట్టు" అంది కమలాబాయి, గంపకేసి చూస్తూ.

శారదకు ప్రాణం లేచివచ్చింది. సెంటర్‌కు పోగానే తులసీరాం అని కొట్టబోయింది. ఉపేందర్ మిషన్‌కు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"వద్దు. ఇది సిఫారసైతది."

శారదకు ఒళ్లు మండిపోయింది. "పిల్ల బతుకు ఆగమైతుంటే నీకు గిప్పుడు నీతులా అన్నా? సిఫారసైతే ఏంది?"

"సక్రి తల్లి మన రైలెక్కింది, బతికింది. గీ కుప్పల ఉన్నోళ్ల తల్లులు మన రైలెక్కకుంటే?" కోపంగా ఆ కుప్పను ఆమె ముందుకు తోశాడు. "పెనిమిటి పేరు చెప్పనోళ్లుంటరు. వాడు ఇడిసిపెట్టి పోతే తలుసుకోబుద్ధి కానోళ్లుంటరు. గీళ్లందరి దిక్కు ఎవ్వడు అడగాలె?"

తాను ఇన్నాళ్లు విసుక్కున్న ఆ మాట ఎవరి కోసమో శారదకు అప్పుడు అర్థమైంది. ఆ కుప్పను తానే ఎత్తుకుని ఆయన వెంట మేనేజర్ దగ్గరికి నడిచింది.

"పేరు ఖాళీగ ఉంటే తల్లి పేరు ఎయ్యాలె సార్. ప్రోగ్రాం నేను మారుస్త" అన్నాడు ఉపేందర్.

"కుదరదు. తండ్రి పేరు చెప్పలేనివాళ్లు పరీక్షలేం రాస్తారయ్యా?"

"మీ అమ్మగారిని మీ నాన్నగారి పేరు అడుగున్రి సార్. చెప్తరేమో చూద్దాం" అంది శారద. అంత మాట తన నోటినుంచి వచ్చినందుకు తనే అదిరిపడింది.

మేనేజర్ మొహం ఎర్రబడింది. వాళ్లమ్మ జన్మలో ఆ పేరు పలికి ఉండదు. ఉక్రోషం ఉపేందర్ మీదికి తిప్పాడు. "మార్చడానికి వీల్లేదు. లేకపోతే ఏం చేస్తావోయ్?"

ఉపేందర్ మొహం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి ఎదుటివాడు ఆ ప్రశ్న అడిగాడు.

"గిప్పుడడిగిన్రు సార్!" అంటూ బయట విప్పిన చెప్పులు తొడుక్కుని వచ్చాడు. మనుషులకు ఫ్యాను కూడా సరిగ్గా తిరగని ఆ సెంటర్లో మిషన్ గదికి మాత్రం ఏసీ. లోపల దుమ్ము పడితే మిషన్ ఆగిపోతుందని మేనేజర్ అందరిచేత చెప్పులు విప్పించేవాడు. జనగామ స్టేషన్ దుమ్మంతా మోసుకొచ్చిన ఆ చెప్పును ఉపేందర్ ఆ గది గడప మీదికి ఎత్తి అక్కడే ఆపాడు. "లోపలికి వస్త సార్."

"ఆగవయ్యా మహానుభావా! ఆగు! ఏం రాసుకుంటావో రాసుకుని చావు!" అని మేనేజర్ కేకపెట్టాడు.

సాయంత్రానికి ఆ కుప్పలోని పిల్లలందరికీ హాల్‌టికెట్లు వచ్చాయి. సక్రి పరీక్ష రాసింది. అయితే కాగితం మీద తండ్రి పేరు అనే మాట ముందే అచ్చయి ఉంది కనుక, వాళ్లందరికీ ఆ మాట పక్కనే తల్లి పేరు పడింది.

పరీక్షలైన వారంలో రైల్లో కమలాబాయి వెనకాలే ఒక మీసాల మనిషి హాల్‌టికెట్ పట్టుకుని ఎక్కాడు. తులసీరాం. మనిషి మండిపోతున్నాడు.

"ఎవరు సారూ గిది చేసింది? నా బిడ్డకు నాయిన కమలాబాయి అంట! బతికున్న మొగోణ్ణి, నేనేమైన?"

కమలాబాయి గంప దించి, ముసుగు వెనక్కి తోసుకుని గట్టిగానే అంది. "నీ పేరు నేను చెప్పద్దాయె. నా పేరేమో ఇన్నేండ్లల్ల ఎవ్వరు అడగకపాయె. ఆఖరికి మిషన్ అడిగింది. నీకేం కష్టమచ్చె?"

పెట్టెలోని జనం గొల్లుమన్నారు. తులసీరాంకు ఇంకా మంటగానే ఉంది. "మరి నా పేరెక్కడ పెడ్తరు సారూ?"

ఉపేందర్ కొంచెం ఆలోచించి, చాలా మర్యాదగా చెప్పాడు. "వచ్చే ఏడు తల్లి పేరుకు కూడ ఒక గడి పెట్టిస్త తులసీరాం. అండ్ల నీ పేరు ఎక్కిస్త."

తులసీరాం మీసం సవరించుకుని, సరే, ఆ గడి జర పెద్దగా పెట్టించమన్నాడు.