నిత్యము కావలసినది పెరుగు

1957 జూన్‌లో నన్ను పెనుకొండ సంఘానికి పాస్టరుగా వేశారు. వయసు ముప్పై ఒకటి. బెంగళూరులో దైవశాస్త్రం చదివి వచ్చినవాణ్ని కనుక ఇంకో పని కూడా నెత్తిన పెట్టారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పల్లెల్లోని పద్నాలుగు మంది ఉపదేశులకు ఏటా పాఠాలు చెప్పి పరీక్ష పెట్టాలి. ఉపదేశి అంటే పల్లెలోనే కాపురముండి ప్రార్థన నడిపి, పిల్లలచేత అక్షరాలు దిద్దించేవాడు. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం ఇచ్చే అధికారం పాస్టరుది. మాకూ వాళ్లకూ తేడా అంతేనని ఇప్పుడంటాను. అప్పట్లో నాకు చాలా తేడాలు కనిపించేవి.

సేవకుడు చచ్చేదాకా నేర్చుకుంటూనే ఉండాలన్నది మా పైఅధికారి, మిషను దొరగారి పట్టుదల. మాట బంగారమే. దాని అమలుకు ఆయన కనిపెట్టిన మార్గం మూడు గంటల పరీక్ష. నూటికి ముప్పై అయిదు రాకపోతే ఉపదేశి పేరు పట్టీలోంచి కొట్టేస్తారు, మిషను ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి. పాస్టర్లకు పరీక్ష లేదు. మేం నేర్చుకోవడం ఎప్పుడో పూర్తయిందని అందరి అభిప్రాయం, ముఖ్యంగా నాది.

పాఠాలు నేనే రాశాను. ఇనుప కలంతో మైనపు కాగితం మీద రాసి, సైక్లోస్టైల్ యంత్రం మీద ప్రతులు తీసేవాళ్లం. అంచు దాటి రాసిన అక్షరాలు అచ్చు పడవు. మూడో పాఠం మొదటి వాక్యం, ‘సేవకునికి నిత్యము కావలసినది పెరుగుదల’ అని రాశాను. చివరి రెండక్షరాలు అంచు దాటాయి. ప్రతుల్లో ‘సేవకునికి నిత్యము కావలసినది పెరుగు’ అని పడింది. నేను చూడలేదు. సొంత రాత మళ్లీ చదువుకోవడం నామోషీ అనుకునే రోజులవి.

సెప్టెంబరులో పరీక్ష. మూడో ప్రశ్న: ‘సేవకునికి నిత్యము కావలసినదేమి? వివరింపుము.’ పదమూడు మంది పెరుగు అని రాశారు. ఊరికే రాయలేదు, వివరించారు కూడా. ఎండన పడి తిరిగేవాడికి పెరుగు చలువ అనీ, కోపం తగ్గిస్తుందనీ ఒకాయన. దొరకని యెడల మజ్జిగ అని ఇంకొకాయన. దేవుడు తన ప్రజలకిస్తానన్న కానాను దేశంలో పాలు ప్రవహించినప్పుడు పెరుగు తోడుకోకుండా ఉంటుందా అని ధర్మవరం ఉపదేశి.

పద్నాలుగో ఆయన లాజరప్ప, చిలమత్తూరు దగ్గరి పల్లెవాడు, అరవైకి దగ్గరపడ్డ మనిషి. ‘ఈ మాట నాకు అర్థం కాలేదు. అయ్యగారిని అడిగి తెలుసుకుంటాను’ అని రాసి ఊరుకున్నాడు.

ఎర్ర పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పెరుగు తప్పంటే, తప్పు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. పదికి ఎనిమిది చొప్పున పెరుగుకు వేశాను. కానాను పెరుగుకు తొమ్మిది. లాజరప్పకు సున్నా. అన్నీ కూడితే ఆయనకు ముప్పై మూడు వచ్చాయి. దొరగారు పేపర్లు తిరగేసి, ఉపదేశులకు ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఉండడం సంతోషమని పైన రాసి సంతకం పెట్టారు.

ఫలితాలు ఇంకా చెప్పకముందే లాజరప్ప బస్సెక్కి పెనుకొండ వచ్చాడు. చేతిలో బైబిలు, దాని మధ్య నా పాఠం కాగితం.

“అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దండి. సేవకునికి పెరుగు కావల్లనే మాట బైబిల్లో యాడుండాది? మూడు దినాలు ఎతికినా కనపడల్యా. మీరు సదువుకున్నోళ్లు, మాకు తెలీని అర్థమేమన్నా ఉండాదేమో. తెలీకుండా పల్లెలో యెట్ల చెప్పేది?”

మార్కుల మాటే ఎత్తలేదు. నాకు తల కొట్టేసినట్లయింది. చేతిరాత ప్రతి తీసి చూపించాను. చదివి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

“పెరుగుదలనా! అట్ల చెప్పండి. నాకే బుర్ర మందగించిందేమో అని భయపడితి.”

ఆ సాయంత్రమే దొరగారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన తన సంతకం వైపు కాసేపు చూసుకుని, పరీక్ష రద్దు చేశారు. సేవకులందరూ నేర్చుకోవాలన్నప్పుడు అందులో పాస్టరు లేడా అని మాత్రం అడిగారు. మళ్లీ జరిగిన పరీక్షలో లాజరప్పకు నలభై ఒకటి వచ్చాయి, ఇల్లు నిలిచింది. మరుసటి ఏడు ధర్మవరంలో ఆయన పక్కన బల్ల మీద కూర్చుని, దొరగారు తయారుచేసిన ప్రశ్నపత్రానికి నేనూ పరీక్ష రాశాను. కానాను ఉపదేశి కన్నా నాకు నాలుగు మార్కులు తక్కువ.

నేర్చుకునేవాడికి జ్ఞాపకశక్తి కన్నా ముందు ‘నాకు అర్థం కాలేదు’ అని రాసే చేవ కావాలి. నేర్పేవాడికి ఆ వాక్యానికి సున్నా వెయ్యని బుద్ధి కావాలి. ఆ రెండోది నాకు ఆలస్యంగా వచ్చింది. తర్వాత రిటైరయ్యేదాకా నేనిచ్చిన ప్రతి ప్రశ్నపత్రంలోనూ చివరి ప్రశ్న ఒకటే: ‘ఈ పాఠాలలో అయ్యగారు చేసిన తప్పులేవి?’

మొదటి ఏడు పదమూడు మంది ‘ఏమియు లేవు’ అని రాశారు. లాజరప్ప మూడు రాశాడు. మూడూ నా తప్పులే.