బూట్ల లోపలి మచ్చలు

మా అక్క తాండూరులో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసేది. ఈ వేసవిలో గుండె ఆగి చనిపోయింది. ఆమె గురించి నన్నెవరూ రాయమనలేదు. ఒక్క సంగతి మాత్రం రాయాలనిపించింది.

రోగుల పేర్లు, ఊర్లు ఇంట్లో ఎప్పుడూ చెప్పేది కాదు. నేను చెప్పబోయే మనిషి నాపరాతి బండల పాలిష్ మిషన్ మీద పనిచేస్తాడని మాత్రం చెప్పింది. తాండూరులో ఆ పని చేసేవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి చెప్పి ఉంటుంది.

కొన్నేళ్ల కిందటి మాట. గర్భిణుల పరీక్షల రోజు అతని భార్య రక్తంలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి కనబడింది. ఆమెకు అయిదో నెల. రిపోర్టులన్నీ ఒకే కట్టగా వరండాలోకి పోయేవి. అక్కడ అందరి ముందూ పిలిచి ఇచ్చేవారు. అక్క ఆ ఒక్క కాగితాన్ని కట్టలోంచి తీసి తానే డాక్టరు గదికి తీసుకెళ్లింది. డాక్టరు భార్యాభర్తలిద్దరికీ పెన్సిలిన్ సూదులు రాశారు. ఆమె వేయించుకుంది. భర్త కూడా వేయించుకోకపోతే జబ్బు మళ్లీ ఆమెకు, ఆమె నుంచి కడుపులోని బిడ్డకు పోతుంది. అతను వద్దన్నాడు. భార్య అతన్ని అక్క గదికి పట్టుకొచ్చింది.

"మేడం, నాకేం లేదు. ఎప్పుడో చిన్న పుండయింది. నొప్పి గూడ లేకుండె. దానంతటదే మానింది," అన్నాడు.

"చేతులకు గా మచ్చలేంది?"

"పాలిష్ నీళ్లు. మా దగ్గర అందరికీ గిట్లనే అయితది. కొబ్బరినూనె రాస్తున్న."

అది అబద్ధం కాదు. ఆ నీళ్లలో రోజంతా ఉండే చేతులు పగులుతాయి, దురద పెడతాయి. అక్కడ చేతికి ఏమైనా రాయినే అంటారు.

"దురద పెడ్తదా?" అంది అక్క.

"లేదు."

"పనిల కాళ్లకేం ఏస్కుంటవ్?"

"రబ్బరు బూట్లు. మోకాళ్ల దాంక."

"చెప్పులిడిసి కాళ్లు సూపియ్యి."

పాదాల అడుగున అవే మచ్చలు.

"బూట్ల లోపలికి గూడ పాలిష్ నీళ్లొచ్చినయా అన్నా?"

అతను పాదాలు మళ్లీ చెప్పుల్లోకి లాక్కున్నాడట.

అప్పుడు అక్క ఒక కాగితం వెనక్కి తిప్పి స్ప్రింగులాంటి గీత గీసింది. "గిది గా పురుగు. పుండు కాడనే ఉండదు. పుండు మానకముందే రక్తంల పడ్తది. పారే నీళ్లల్ల పుల్ల కొట్టుకపోతది గదా, గిది పోదు. రక్తనాళం గోడను పట్టుకుంటది. నువ్వు బండలు సూసినోనివే గదా. బండలు పరిచి సందులల్ల సిమెంటు నింపకుంటె ఏమైతది?"

"నీళ్లు కిందికి దిగుతయి."

"గట్లనే గోడ సందులకెల్లి అవతలికి దిగుతది. చేతులకొచ్చింది, కాళ్లకొచ్చింది. రేపు గీమె కడుపుల బిడ్డకు పోతది."

అతను భార్య వైపు చూడలేక ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడట. ఆమె మాత్రం ఊరుకోలేదు. "గంతంత బండలెత్తుతడు మేడం. సూదంటే తలుపు దిక్కు సూస్తడు. నీ సంగతి ఇంటికి పోయినంక సూస్త. ముందుగల లేసి సూదేయించుకో."

అతను లేచి వెళ్లాడు. అక్క ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, చివర ఇలా అంది: "మంచిగ చెప్పిన గద తమ్మీ?"

చెప్పావన్నాను. అంతకుమించి అనలేదు.

ఆమె పోయాక బీరువాలో కొన్ని ఇంగ్లిష్ వ్యాసాల ప్రతులు దొరికాయి. నిఘంటువు పెట్టుకొని నెమ్మదిగా చదివాను. ఆ సూక్ష్మజీవి ఒంటిమీది ప్రొటీన్లు రక్తనాళం లోపలి పొరకు అతుక్కుంటాయట. రక్తం వేగంగా పారుతున్నా పట్టు వదలదు. పొర కణాల నడుమ బిగువు సడలిన చోట మెలికలు తిరుగుతూ అవతలికి జారుతుంది. ఆ వాక్యాల కింద అక్క పెన్సిల్‌తో గీతలు గీసుకుంది. ఆమె చేతిలో ఉన్నది డిప్లొమా మాత్రమే. ఇంత చదివానని ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. బండల సందు అని ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు.

పదకొండో రోజు భోజనాలకు వచ్చినవాళ్లలో నేనెరుగని దంపతులు, ఒక పాప ఉన్నారు.

"అక్క మీకెట్ల తెలుసు?" అని అడిగాను.

అతను తన పాదాల వైపు చూశాడు. "మేడం నాతోని చెప్పులిడిపిచ్చింది," అన్నాడు.

ఎవరో తెలిసింది. పాపను చూశాను.

"మా బిడ్డ," అంది భార్య. "రెండో తరగతి."

"ఒంట్లో మంచిగుంటదా?"

"దానికేం, మంచిగనే ఉంటది. పరేషాన్ అంత మాకే. అప్పడాలు సాలు పిల్లా, ఇజ్జత్ తీయకు."

పాప నా వైపు చూసి ఇంకొకటి కావాలంది. నేనే లోపలికి వెళ్లి తెచ్చి విస్తట్లో వేశాను.