పాలు విడిచే రోజు

పోయిన వారం బాపట్ల నుంచి మా అక్క కూతురు ఫోను చేసింది. దాని పాపకు రెండో ఏడు నడుస్తోంది, పాలు మాన్పిద్దామంటే ఒకటే ఏడుపట, డాక్టరు చెప్పిన పద్ధతీ అయింది, ఫోనులో చూసిన చిట్కాలూ అయ్యాయి, ఇక పెద్దవాళ్లనే అడుగుదామని నాకు చేసిందట. పిన్నీ, తమ్ముడికి మీరెలా మాన్పించారు అని అడిగింది. వేపాకే, ఇంకేముంది, అని నవ్వేసి పెట్టేశాను గానీ, ఆ తర్వాత పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న సంగతి కూడా నాకు తెలియలేదు. ఎందుకంటే నేను మా వాడికి పాలు మాన్పించనే లేదు. మాన్పించాలంటే నాకు భయం. అది మామూలు భయం కూడా కాదు.

మా ఈడు ఆడవాళ్లకు చెబితే నవ్వుతారేమో, నవ్వినా పరవాలేదు. మా పుట్టిల్లు రేపల్లె, నన్నిచ్చింది తెనాలి. మా ఆయన కరెంటు సామాన్ల షాపులో పనిచేసేవారు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు, అంతే. పెళ్లయిన కొత్తలో రెండుసార్లు నాకు కడుపు నిలబడలేదు. ఏ శుభకార్యానికి వెళ్లినా జాలిపడేవాళ్లు కొందరు, మందులు చెప్పేవాళ్లు కొందరు, వీళ్లందరినీ తప్పించుకుని చర్చిలో వెనకవరసలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మూడోసారి నెల తప్పిందని తెలియగానే మా అమ్మ రేపల్లె బండి ఎక్కించి నన్ను తనతో తీసుకుపోయింది.

అయిదో నెలలో ఒక ఆదివారం, రేపల్లె చర్చిలో చాప మీద అమ్మ పక్కన కూర్చున్నాను. ఆ రోజు అయ్యగారు ప్రసంగానికి తీసుకున్నది బిడ్డల్లేక ఏడ్చి ఏడ్చి ప్రార్థన చేసుకున్న తల్లి సంగతి, పుట్టిన కొడుకును తీసుకెళ్లి దేవుని మందిరంలో అప్పగించి వచ్చిన తల్లి సంగతి. సండేస్కూలుకు వెళ్లిన వాళ్లెవరికైనా ఆమె పేరు చెప్పనక్కర్లేదు. వింటూ వింటూ ఉండగా నడుములో పోటు మొదలైంది, తడి తగిలింది. రెండుసార్లు పడినదాన్ని కాబట్టి అదేమిటో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. లేస్తే ఉన్నది కాస్తా పోతుందేమోనని లేవలేదు. పమిట కొంగు నోట్లో కుక్కుకుని లోపల్లోపలే ఒక మాట అనేశాను. ఈ ఒక్క బిడ్డను నిలబెట్టు ప్రభువా, ఆ తల్లి ఇచ్చినట్టే నేనూ నీకిచ్చేస్తాను అన్నాను. పక్కనున్న అమ్మకు కూడా వినపడలేదు.

బిడ్డ నిలబడ్డాడు. పుట్టాడు. వాణ్ణి మొదటిసారి నా పక్కలో పడుకోబెట్టినప్పుడు వాడి తల మీద నుంచి వచ్చిన ఆ పచ్చివాసన ఈ రోజుకీ నాకు గుర్తుంది. వాడు పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆగి, నేనున్నానో లేదో చూసుకున్నట్టు కళ్లెత్తి చూసి మళ్లీ తాగేవాడు. ఆ చూపు కోసం నేను ఎన్ని పనులైనా మానుకునేదాన్ని. స్నానం చేయించి సాంబ్రాణి వేసి ఒళ్లో వేసుకుంటే, మా అత్తగారు పక్కన పీట వేసుకుని కూర్చుని కూనిరాగంతో స్తుతిపాట పాడేవారు. మా ఆయన షాపు నుంచి మధ్యాహ్నం భోజనానికని వచ్చి, భోజనం సంగతి మరచి వాడి ముందు చిటికెలు వేస్తూ కూర్చునేవారు. ఇంత సంతోషం నాకు రాసి ఉందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మూడో నెలలో చర్చిలో వాడికి ప్రతిష్ఠ ప్రార్థన చేయించాం. అయ్యగారు వాణ్ణి రెండు చేతులా పైకెత్తి, ఈ బిడ్డ నీవాడు ప్రభువా అన్నారు. అందరి పిల్లలకూ అనే మాటే అది. నాకు మాత్రం మాట ప్రకారం తీసుకుపోవడానికి ఎవరో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డట్టే అయింది. ఇంటికొచ్చి బైబిలు తీసి ఆ భాగం వెతుక్కుని చదివాను. ఆ తల్లి కొడుకును వెంటనే ఇవ్వలేదు. పాలు విడిచేదాకా తన దగ్గరే ఉంచుకుని, విడిచాక తీసుకెళ్లి ఇచ్చింది. ఆ మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. అయితే పాలు విడిచేదాకా నాదే కదా అనుకున్నాను.

ఇక చూసుకోండి నా తెలివి. దేవుడితోనే ప్లీడరు బేరం మొదలుపెట్టాను. వాడికి ఏడాది నిండింది, రెండేళ్లు నిండాయి, మూడో ఏడు వచ్చింది, నేను మాత్రం పాలు మాన్పించలేదు. వీధిలో ఆడుకుంటున్నవాడు గబగబా వచ్చి, స్త్రీల ప్రార్థన కూడిక మధ్యలో అందరి ముందూ నా పైట లాగేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, అయినా ఇచ్చేదాన్ని. పక్కింటి సాయిబులావిడ, పాపం మంచిది, గోడ మీద నుంచి మంచిమాటగానే చెప్పింది, "మాలో రెండేళ్లేనమ్మా, ఆపైన ఇవ్వం" అని. మా అత్తగారు అంత మెత్తగా చెప్పే మనిషి కాదు. "ఏంటే అమ్మాయ్, వాడికి మీసాలొచ్చేదాకా ఇస్తావా?" అని నలుగురిలో అడిగి, మర్నాడు పొద్దున్నే వేపాకు నూరి గిన్నెలో పెట్టి, రాసుకుంటావా నన్ను రాయమంటావా అన్నారు. రాసుకున్నాను. ఆవిడ అటు తిరగగానే పెరట్లో కుళాయి దగ్గర కడిగేసుకున్నాను. ఆవిడ నూరడం, నేను కడగడం, ఇలా కొన్నాళ్లు సాగింది. చివరికి ఆ గడుగ్గాయే వెళ్లి, "నానమ్మా, అమ్మ చేదు కడిగేసింది" అని పట్టించాడు.

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నేనొక్కదాన్నే నవ్వలేకపోయాను, ఎందుకని ఎవరికీ చెప్పలేకపోయాను. వాడికి ఒళ్లు వెచ్చబడితే చాలు, దేవుడు వాణ్ణి అడుగుతున్నాడనుకునేదాన్ని. అయ్యగారు ప్రార్థనకని ఇంటికొచ్చి వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, కాఫీ ఇచ్చే వంకతో వాణ్ణి లాగేసుకునేదాన్ని. ప్రేమగల దేవుడని పాటలు పాడుతూనే ఆయనకు భయపడి బిడ్డను దాచుకునేదాన్ని.

అలా ఉండగా బాపట్లలో మా అక్కావాళ్లు ఇల్లు కట్టుకున్నారు. గృహప్రతిష్ఠ కూడికకు మా అత్తగారితో సహా అందరం రెండు రోజుల ముందే వెళ్లాం. ఇంటి నిండా పిల్లలు. మా బావగారు అందరినీ ఆటోలో సూర్యలంక సముద్రానికి తీసుకెళ్లి ఇసుకలో దొర్లించి తెచ్చారు. మా వాడు వచ్చినవాడు వచ్చినట్టే అక్క పిల్లల మధ్య కూర్చుని పప్పన్నం తిని, వాళ్ల పక్కలోనే పడి నిద్రపోయాడు. నా దగ్గరికి రాలేదు. అలసిపోయాడులే అనుకున్నాను. మర్నాడు పొద్దున కూడా రాలేదు. ఉండబట్టలేక నేనే పిలిచి ఒళ్లోకి లాక్కున్నాను. వాడు మొహం పక్కకు తిప్పేసుకుని, "వద్దు, నేను పెద్దోణ్ణయ్యాను" అని జారిపోయి పరుగెత్తాడు. అక్క పకపకా నవ్వింది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల హడావుడిలో వాడు కనిపించకుండా పోయాడు. పిల్లలందరూ ఉన్నారు, వాడొక్కడే లేడు. మేడ మీద లేడు, నీళ్ల తొట్టి దగ్గర లేడు, సందు చివర కొట్టు దగ్గర లేడు. రైలు పట్టాలు అక్కడికి దగ్గరే. బండి కూత వినిపించేసరికి మా ఆయన చెప్పులు కూడా లేకుండా అటు పరుగెత్తారు. నేను ఒక్క అడుగు వేయలేకపోయాను. ఎక్కడ వెతికితే ఏం లాభం, పాలు విడిచాడు, దేవుడు తీసుకున్నాడు, ఇదే నా బుర్రలో తిరుగుతోంది. మా అత్తగారు భుజం పట్టుకుని కుదిపి, ఏమైందే అనేసరికి, ఇన్నేళ్లు దాచుకున్నదంతా ఆ రోడ్డు మీదే చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయారు.

వాడు దొరికింది చర్చిలో. అక్కావాళ్ల సందు మలుపులోనే ఉంది ఆ చర్చి. ఎవరో ఊడుస్తున్నారని తలుపులు తీసి ఉన్నాయి, లోపల చల్లగా ఉంది. అయ్యగారు నిలబడే బల్లకు దగ్గరగా, చుట్టి పెట్టిన చాపల మీద బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. బిడ్డ దొరికితే ఏ తల్లికైనా ప్రాణం లేచి వస్తుంది. నాకు పోయినంత పనైంది. బైబిల్లో ఆ తల్లి ఇచ్చిన పసివాడు కూడా మందిరంలోనే పడుకునేవాడని నాకు తెలుసు. గుమ్మం దాటి లోపలికి వెళ్లి వాణ్ణి ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

మా అత్తగారు వెళ్లి వాడి పక్కన కూలబడ్డారు. మొదట వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశారు, అంటే ఆవిడా భయపడ్డారన్నమాట. తర్వాత నాతో, "ఇస్తానన్నావు, ఇచ్చావు, ఇదిగో ఆయన ఇంట్లోనే పడుకున్నాడు. పెంచమని మళ్లీ నీ చేతికిచ్చాడనుకో. ఎత్తుకో" అన్నారు. ఎత్తుకున్నాను. వాడు నిద్రలోనే నా మెడ చుట్టూ చెయ్యి వేశాడు, కానీ పాలకు వెతుక్కోలేదు. ఆ రోజు తర్వాత ఇక ఎప్పుడూ వెతుక్కోలేదు.

తిరిగి తెనాలి వచ్చే బండిలో ఆవిడ, కిటికీ వైపు చూస్తూ, ఆ తల్లి ఏటేటా చిన్న అంగీ కుట్టి కొడుక్కి తీసుకెళ్లేదట, అంతదాకా చదవలేదా అన్నారు. నిజంగానే నేను అంతదాకా చదవలేదు. ఆ డిసెంబరులో పాత కుట్టుమిషను బాగుచేయించుకుని, వాడికి క్రిస్మస్ చొక్కా నా చేత్తో కుట్టాను. అప్పటి నుంచి ఏటా కుట్టాను. టేపు పట్టుకుని వాణ్ణి గోడకు నిలబెట్టి భుజాలు కొలుస్తుంటే, కిందటేటి కంటే పెరిగిన ప్రతి వేలెడుకూ స్తోత్రం చెప్పుకునేదాన్ని, ఇంకో ఏడు ఉంచావు అని. అయితే భయం పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను.

మా అత్తగారు ఇప్పుడు లేరు. వాడు విశాఖపట్నంలో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆదివారం చర్చికి వెళ్తున్నావా నాన్నా అంటే, డ్యూటీ పడిందమ్మా అంటాడు. చొక్కా కొలతలు అడిగితే, ఎల్ సైజు తీసుకోమ్మా సరిపోతుంది అంటాడు. నేను కుట్టింది పండగనాడు నా కోసం ఒక్క పూట వేసుకుని, మడిచి బీరువాలో పెట్టి వెళ్లిపోతాడు. అలాంటివి అక్కడ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

అక్క కూతురికి మళ్లీ ఫోను చేసి అసలు సంగతి చెబుదామని రెండుసార్లు అనుకున్నాను, చెప్పలేదు. ఇప్పటి పిల్లలకు ఇది అర్థమవుతుందో కాదో. వాణ్ణి దేవుడికి ఇచ్చానో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. నా దగ్గర మాత్రం లేడు. ఎవరో వచ్చి తీసుకుపోతారని నేను హడలిపోయిన ఆ మూడేళ్లూ వాడు నా ఒళ్లోనే ఉన్నాడు.