పార్కులో మడవ

“మడవ మూసేశారేంటండీ? పొద్దున్నే మా ఆయన నీళ్లు పెట్టడానికొస్తారు. మూసుంటే అలిగి ఇంక రారండీ!”

“నీళ్లన్నీ ఊరికే పోతుంటే చూస్తూ కూర్చోమంటావా? కావాలంటే మీ ఆయన్నే తెరుచుకోమను.”

పోలవరం దగ్గర ఒక పార్కులో పాతకాలపు వరిమళ్లను అలాగే కాపాడుతున్నారు. మొగల్తూరు నుంచి మేం కొందరం ఆడవాళ్లం కూలి తీసుకోకుండా రెండు రోజులు కలుపు తీయడానికి వెళ్లాం. గట్టుకున్న ఆ నీటిదారిని మట్టితో పూడ్చింది నేనే. అక్కడ పనిచేసే సత్తెమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

“పార తగిలి కుడికాలి బొటనవేలు తెగిపడ్డా పొలం మానని మనిషండీ మా ఆయన,” అంది.

సాయంత్రం పారలన్నీ కొట్లో పెట్టి, తాళంచెవి రొంటిన దోపుకున్నాను. ఆ మళ్లు ఒకప్పుడు సత్తెమ్మ వాళ్లవేననీ, ఆమె మొగుడు పోయి ఆరేళ్లయిందనీ వాచ్‌మన్ అప్పుడు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ల దగ్గరికి వెళ్లాను. కొట్టు తాళం వేసినట్టే ఉంది. మడవ పారతో కోసినట్టు తెగి ఉంది. తడిమట్టిలో అడుగులున్నాయి. కుడికాలికి బొటనవేలు లేదు.